తిరునాళ్ల జనరేటరు, గుడి మీద సోలారు: చందా డబ్బు ముందు దేనికి?

గుండ్లకమ్మ ఒడ్డు (ఒంగోలు)

గుళ్లు, చర్చిలు, మసీదులు కరెంటు ఆదా చేసి పర్యావరణానికి మేలు చేయాలనుకుంటే భక్తులిచ్చిన డబ్బు ముందు దేనికి ఖర్చు పెట్టాలి? కప్పు మీద సోలార్ ప్యానెళ్లకా, కింద వాడకం తగ్గించడానికా? మా వైపు కమిటీల్లో ఇప్పుడు ఇదే చర్చ నడుస్తోంది. ఇక్కడ ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు రెండు జిల్లాల వాళ్లూ ఉన్నారు కాబట్టి మీ మాట కూడా విందామని అడుగుతున్నా.

నేను ఎలక్ట్రికల్ పనులు చేస్తాను. టంగుటూరు, కొండపి, సంతనూతలపాడు వైపు మూడు మతాల మందిరాలకూ వైరింగ్ చేశాను. ఈమధ్య ఏ కమిటీ పిలిచినా ముందు సోలార్ మాటే ఎత్తుతున్నారు. సంతోషమే. కానీ మెయిన్ బోర్డు దగ్గర నిలబడి ఏ స్విచ్ దేనికో అడుగుతూ పోతే అసలు కరెంటు ఎటు పోతోందో తెలుస్తుంది.

ఒక గుడి లెక్క చెప్తాను. గాలిగోపురం చుట్టూ 400 వాట్ల మెటల్ హాలైడ్ లైట్లు 10. పొద్దుగూకాక వేస్తే మళ్లీ పూజారి గారు తెల్లారి వచ్చాకే ఆపేది. 10 గంటలు వెలిగితే రాత్రికి 40 యూనిట్లు. వాటి బదులు 120 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు పెట్టి, రాత్రి 10 గంటలకు ఆగిపోయేలా టైమర్ బిగిస్తే 4 గంటలకు 5 యూనిట్లు కూడా కాలవు. తేడా 35 యూనిట్లు. ఆ 35 సోలార్‌తో రావాలంటే, మన ఎండకు కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్లు వేసుకున్నా 9 కిలోవాట్ల ప్యానెళ్లు, సుమారు 900 చదరపు అడుగుల కప్పు కావాలి. టైమర్ అయితే రెండు వేల లోపే దొరుకుతుంది.

ఇక తిరునాళ్ల సంగతి. మన ప్రకాశం జిల్లాలో తిరునాళ్ల అంటే విద్యుత్ ప్రభలే, అంటే బాదులతో ఎత్తుగా కట్టిన ఫ్రేముల మీద బొమ్మలుగా వెలిగే లైట్ల దండలు. ఒక్కో ప్రభకు ఒక జనరేటరు, స్టేజీకి ఇంకొకటి. ప్రభల మీద పాత బల్బులు పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి, లోడు బాగా పడిపోయింది. అద్దెకు తెచ్చే జనరేటరు మాత్రం ఇంకా పాత అలవాటు ప్రకారం 62 కేవీఏదే. అంటే 10 కిలోవాట్లు లాగే ప్రభకు 50 కిలోవాట్లు ఇవ్వగల ఇంజను. అంత తక్కువ లోడు మీద గంటల తరబడి నడిస్తే డీజిల్ పూర్తిగా కాలదు. సైలెన్సర్ గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తారులాంటి జిగట మసి వేలికి అంటుకుంటుంది. సరైన లోడు మీద లీటరుకు 3 యూనిట్లు ఇచ్చే సెట్టు ఇలా నడిపితే 2 దాటడమే కష్టం. లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ పొగ గొట్టానికి పది అడుగుల దూరంలోనే పిల్లలు జీళ్లూ ఖర్జూరాలూ కొనుక్కుంటూ ఉంటారు.

కాబట్టి నా మాట ఇది: ముందు టైమరు, ముందు సరైన సైజు జనరేటరు, ఆ తర్వాతే ప్యానెలు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పొదిలి కుర్రోడు

అన్నా, నేను మా ఊరి ప్రభ కమిటీలో ఉన్నా. మీ జనరేటరు లెక్క కాదనను. కానీ పర్యావరణం అనగానే అందరి వేలూ ముందు తిరునాళ్ల వైపే ఎందుకు చూపిస్తుంది?

ఏడాదికి ఒక్క రాత్రి అన్నా. హైదరాబాద్‌లో, బెంగళూరులో పనిచేసే మా ఊరి పిల్లలు సంక్రాంతికి రాకపోయినా తిరునాళ్లకు వస్తారు. ప్రభ అంటే నెల రోజుల పని. సరివి బాదులు తేవాలి, ఫ్రేము కట్టాలి, ఏ బొమ్మ వేయాలో తేలాలి, డిజైన్ ప్రకారం దండలు కుట్టుకుంటూ రావాలి. ఆ నెల రోజులూ మాటల్లేని అన్నదమ్ములు కూడా ఒక తాడు పట్టుకుని లాగుతారు. లైటింగ్ వాళ్లకు ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఈ సీజన్‌లోనే. అటు కోటప్పకొండ ప్రభల నుంచి ఇటు మా పొదిలి వైపు దాకా ఈ పని మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

పట్నంలో బట్టల షాపుల ముందు పెద్ద పెద్ద ఎల్‌ఈడీ తెరలు 365 రోజులూ వెలుగుతాయి. వాటి మీద చర్చ పెట్టినవాళ్లను నేను చూడలేదు. పల్లెటూరి దేవుడి ముందు ఒక్క రాత్రి వెలుగు మీద మాత్రం అందరికీ లెక్కలు వస్తాయి. బాధగా ఉంటుంది అన్నా.

చీమకుర్తి రాయి

పొదిలి తమ్ముడి ప్రశ్నే నాదీ, కాకపోతే ఇంకో వైపు నుంచి. మొత్తం కాలుష్యంలో మందిరాల వాటా ఎంత? నెల్లూరు జిల్లా నేలటూరు థర్మల్ స్టేషన్‌లో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. అందులో ఒక్కటి పూర్తి సామర్థ్యంతో గంటసేపు నడిస్తే 8 లక్షల యూనిట్ల కరెంటు. మీ గోపురం దగ్గర మిగిలే 35 యూనిట్లు ఆ లెక్కలో ఏ మూలకు?

నాకు దేవుడి మీద కోపం లేదు, పొదుపు మీదా లేదు. భయం ఒకటే. కమిటీ వాళ్లు ప్యానెల్ ముందు నిలబడి ఫొటో దిగాక పర్యావరణం పని అయిపోయిందనుకుంటారు. క్వారీ గుంతల గురించి, బొగ్గు గురించి, చెరువుల ఆక్రమణ గురించి ఊరి తరఫున గట్టిగా అడగాల్సింది ఈ పెద్దలే. వాళ్లు లైట్ల దగ్గరే ఆగిపోతే ఇక అడిగేదెవరు?

మిషన్ కాంపౌండ్ (ఒంగోలు)

చీమకుర్తి అన్నగారూ, మీ భయం సరైనదే గానీ, ఇల్లు సర్దుకున్నవాళ్లు బయట అడగరని ఎందుకనుకోవాలి? మా ఒంగోలు చరిత్రే చూడండి. 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని ఇప్పించారు. వాక్యం చెప్పడానికి వచ్చిన మనిషి కాలువ పని నెత్తిన వేసుకున్నారు. దేవుని పనికీ నేల మీది పనికీ మధ్య గోడ మా పెద్దలు కట్టలేదు.

ఇక కరెంటు విషయం. చర్చిల్లో అసలు సమస్య ఏసీలు. మిషన్ కాలం నాటి కట్టడాలు చూడండి: ఎత్తైన కప్పు, చుట్టూ వరండా, మనిషి ఎత్తు కిటికీలు, పైన వేడి గాలి పోయేందుకు వెంటిలేటర్లు. ఇప్పుడు మేం కడుతున్నవి రేకుల షెడ్లు, లేదంటే తక్కువ ఎత్తు స్లాబులు. సౌండు బయటికి పోకూడదని కిటికీలకు అద్దాలు బిగించేస్తున్నాం. మే నెలలో అందులో కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? అందుకని ఏసీలు. 2 టన్నుల ఏసీకి గంటకు 2 యూనిట్లు వేసుకోండి. ఆరు ఏసీలు, ముందే చల్లబరచడంతో కలిపి నాలుగు గంటలు: ఒక్క ఆదివారానికి 48 యూనిట్లు.

మా స్త్రీల సమాజం ముందుపెట్టిన మాటలు మూడు. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు గానీ, కనీసం సున్నం గానీ కొట్టించడం. మూసేసిన వెంటిలేటర్లు తెరిపించడం. ఏప్రిల్, మే నెలల్లో ఆరాధన పొద్దున ఆరున్నరకే పెట్టుకోవడం. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోది ఆగింది. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ఆ వేళకు బస్సు లేదు. ఆటో మాట్లాడుకుంటే కూలి చేసుకునేవాళ్లకు మనిషికి ఎంత పడుతుందో ఆలోచించండి. ఈ అభ్యంతరం నేను తీసేయలేను.

ఇంకో మాట. ఐదు వేలమందికి రొట్టెలు పంచాక, ఏమీ నష్టపోకుండా మిగిలిన ముక్కలు పోగుచేయమని ప్రభువు శిష్యులతో చెప్పారు. అద్భుతం చేయగలిగినవాడే ముక్కలు ఏరమన్నాడు. మా ఆదివారం బడి పిల్లలకు ఆ ఒక్క వాక్యం చాలు, స్విచ్ ఎందుకు ఆపాలో వాళ్లకు అర్థమైపోతుంది.

కావలి రైల్వే గేటు

అస్సలాము అలైకుం, అందరికీ నమస్కారం.

గుండ్లకమ్మ భాయ్, మీ వరస అందరికీ సరిపోదు. చర్చిలో వాడకం ఆదివారం. గుడిలో ఎక్కువ వాడకం రాత్రి గోపురం లైట్లది. మసీదులో జొహర్, అసర్ నమాజులు పగలే. శుక్రవారం జుమ్మా నమాజు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక. అంటే ఎండ ఫుల్లుగా ఉన్నప్పుడే మా ఫ్యాన్లు తిరిగేది, వుజూకు, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్లూచేతులూ కడుక్కోవడానికి, నీళ్ల మోటారు వేసేది. సోలార్‌కు ఇంతకంటే అనువైన చోటు ఏది? మాకు ప్యానెలే ముందు అని కొందరం వాదించాం.

చివరికి ఏమైందంటే, ప్యానెల్ ఎంత సైజు పెట్టాలో లెక్క వేయడానికి కూర్చుంటే ఫ్యాన్ల దగ్గర ఆగాం. పాత ఫ్యాను 75 వాట్లు. 40 ఫ్యాన్లకు 3 కిలోవాట్లు. తక్కువ కరెంటు లాగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, 40కి 1.2 కిలోవాట్లు. ఫ్యాన్లు మారిస్తే కొనాల్సిన ప్యానెలు సగానికి తగ్గుతుంది. ఫ్యాన్లకు అయ్యే ఖర్చులో చాలా భాగం అక్కడే తిరిగొస్తుంది. కాబట్టి ముందూ వెనకా కాదు, రెండూ ఒకే అంచనాలో వేసుకోవాలని మా కమిటీ తేల్చింది.

నీళ్ల గురించి మాత్రం ఎవరికీ వేరే అభిప్రాయం లేదు. పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీళ్లు దుబారా చేయొద్దన్న హదీసు (ప్రవక్త మాట) మాకు చిన్నప్పుడే నేర్పుతారు. అయినా కుళాయి తిప్పి వదిలేసి, చేతులు పైకి మడుచుకుంటూ పక్కవాళ్లతో మాట్లాడుతుంటాం. లోటాతో అయితే లీటరులో అయిపోయేది. నొక్కితే వచ్చి తనంతట ఆగిపోయే కుళాయిలు పెడితే సగం నీళ్లు మిగులుతాయి, ఆ మేరకు మోటారు కరెంటూ మిగులుతుంది. వుజూ నీళ్లలో సబ్బు ఉండదు. వాటిని మురుక్కాలవలోకి వదిలే బదులు కొబ్బరి చెట్లకు మళ్లించవచ్చు.

పొదిలి కుర్రోడు

మసీదులో ప్రతి రోజూ ఐదు పూటలు, చర్చిలో ప్రతి ఆదివారం. మాది ఒక్క రాత్రి. నేను అడిగింది ఇంకా అలాగే ఉంది.

కనిగిరి నీళ్లు

నేను బడిలో పాఠాలు చెప్తాను. సోలార్ మీద ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతా. ప్యానెలు మందిరం కప్పు మీదే ఎందుకుండాలి?

మిషన్ కాంపౌండ్ అక్క చెప్పినట్టు చర్చిలో పెద్ద వాడకం ఆదివారం. చిన్న ఊళ్ల గుళ్లలో పగటి పూట వాడకం దాదాపు ఉండదు. అక్కడ 3 కిలోవాట్లు పెడితే రోజుకు 12 యూనిట్లు వస్తాయి, వాడుకునేవాళ్లుండరు. నెట్ మీటరు ఉంటే మిగిలింది లైన్లోకి పోతుంది, నిజమే. కానీ ఆ మిగులుకు మనకొచ్చే ధర మనం యూనిట్‌కు కట్టే ధరకంటే చాలా తక్కువ. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ, 3 కిలోవాట్లకు 78 వేలు అంటున్నారే, అది ఇళ్ల కోసం పెట్టింది. మందిరానికి కూడా వస్తుందని ఏజెంటు చెప్పగానే సంతకం పెట్టకండి. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసులో అడిగి రాయించుకోండి.

మా కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్. నా ముందు బెంచీల్లో కూర్చున్న పిల్లలు నవ్వితే ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. నోరు మూసుకుని నవ్వడం అలవాటైన పిల్లలున్నారు. పెద్దవాళ్లలో మెడ తిప్పలేనివాళ్లు, గొంతుక్కూర్చుని లేవలేనివాళ్లు. మంచినీళ్ల కోసం ఆర్‌ఓ ప్లాంట్లే దిక్కు. ఆ ప్లాంటు మోటార్లు నడిచేది పగలే. కరెంటు బిల్లు పెరిగితే క్యాను ధర పెరుగుతుంది, అది కొనలేనివాళ్లు మళ్లీ బోరు నీళ్లకే పోతారు.

దేవుడి పేరుతో ఇచ్చిన ప్యానెలు ఆ ప్లాంటు కప్పు మీద పెట్టండి. స్వామి పేరు రాయండి, యేసయ్య పేరు రాయండి, దాత పేరూ రాయండి. తయారైన ప్రతి యూనిట్టూ అక్కడే వాడకంలోకి వస్తుంది. (ఆర్‌ఓ బయటికి వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ ఉంటుంది, వాటిని చెరువులోకి పోనివ్వడం మంచిది కాదు. అది వేరే చర్చ, కానీ పెట్టాల్సిన చర్చ.)

నెల్లూరు మొలగొలుకులు

కనిగిరి మాస్టారూ, మీ ఆలోచన నాకు బాగా నచ్చింది. ఆచరణలో ఒక చిక్కుంది. దేవాదాయ శాఖ కింద ఉన్న గుడి అయితే హుండీ డబ్బు కమిటీ ఇష్టప్రకారం బయట పెట్టడానికి వీల్లేదు, అనుమతులు కావాలి. పైగా స్వామివారి కైంకర్యానికని ఇచ్చిన డబ్బు నీళ్ల ప్లాంటుకు పెడితే, ఇచ్చిన మనిషి మనసు నొచ్చుకోకుండా ముందే చెప్పాలి. ఆ పని కోసం విడిగా చందా ఎత్తితే మేలు. ఇచ్చేవాళ్లు ఇస్తారు.

నేను ఒక అన్నదాన సత్రంలో సేవకు వెళ్తుంటాను. మీరంతా కరెంటు అంటున్నారు గానీ గుళ్లలో ఎక్కువ ఇంధనం కాలేది వంటశాలలో. తిరుమలలో 2002లోనే 106 సౌర డిష్‌లతో ఆవిరి తయారు చేసి అన్నప్రసాదం వండే ఏర్పాటు చేశారు. అన్నదానం మధ్యాహ్నం, ఎండా మధ్యాహ్నమే. ఇంతకంటే కుదిరే జోడీ లేదు. కానీ అంత పెద్ద ఏర్పాటు చూసుకోవడానికి మనుషులు కావాలి, చిన్న గుళ్లకు కుదరదు. చిన్న చోట చేయదగ్గవి వేరే ఉన్నాయి. మా సత్రంలో పప్పు రాత్రే నానబోయడం మొదలుపెట్టాక పొయ్యి మీద ఉండే సేపు బాగా తగ్గింది. అన్నం గుండిగ మీద మూత సరిగ్గా కూర్చోకపోతే గ్యాసు ఎంత పోతుందో వంటవాళ్లకు తెలుసు. కొత్త మూత కొనడానికి ఏ దాతా ముందుకు రారు, అడిగితే మాత్రం కాదనరు. అడగాలి.

ఇక పొదిలి తమ్ముడికి ఒక మాట. పద్ధతులు తగ్గించుకోమంటే మన సంప్రదాయం మీద చెయ్యి వేసినట్టు ఉంటుందని నీ బాధ. వలేటివారిపాలెం మండలంలో మాలకొండ ఉంది కదా, లక్ష్మీనరసింహస్వామి దర్శనం శనివారం ఒక్కరోజే. మిగతా ఆరు రోజులు దేవతలూ ఋషులూ స్వామిని కొలుస్తారని నమ్మకం, మనుషులు కొండ దిగిపోవాలి. ఆ ఆరు రోజులు కొండ మీద జనం లేరు, మైకు లేదు. ఆదాయం పెరుగుతుందని ఆ నియమం ఎవరూ మార్చలేదు. ఇంత అని హద్దు పెట్టుకోవడం మన భక్తిలోనే ఉంది నాయనా, బయటివాళ్లు వచ్చి నేర్పింది కాదు.

మా నెల్లూరు సంగతి కూడా చెప్పాలి. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు అన్ని మతాల వాళ్లం స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటాం. రొట్టె తెచ్చిన కవరు నీళ్లలో వదిలేయకుండా గుడ్డసంచిలో తెచ్చుకుంటే చాలు. దానికి కమిటీ తీర్మానం కూడా అక్కర్లేదు.

రామాయపట్నం అలలు

చీమకుర్తి అన్న 35 యూనిట్లు ఏ మూలకని అడిగాడు. మా ఒడ్డున యూనిట్ల లెక్క పనికిరాదు. వెలుగు ఎటు పడుతుందన్నదే లెక్క.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుంట తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతాయి. ఆరేడు వారాలకు పిల్లలు బయటికొస్తాయి. అవి నీటి మీది వెలుతురును బట్టి సముద్రం వైపు పోతాయి. ఒడ్డున పెద్ద లైటు ఉంటే దాన్నే సముద్రం అనుకుంటాయి. పొద్దున్నే వలల దగ్గరికి పోయేటప్పుడు చూస్తాం, లైటు స్తంభం చుట్టూ ఇసుక మీద చిన్న చిన్న తెడ్డు గుర్తులు గుండ్రంగా తిరిగి తిరిగి ఉంటాయి. అప్పటికే కాకులూ కుక్కలూ పని పూర్తి చేసి ఉంటాయి.

మాఘ పౌర్ణమి సముద్ర స్నానాలు, శివరాత్రి ఆ నెలల్లోనే వస్తాయి. పండగ రాత్రి లైట్లు కావాలి, జనం నీళ్లలో దిగుతారు కాబట్టి తప్పదు. కానీ పండగ పోయాక కూడా ఆ ఫ్లడ్ లైట్లు ఎండాకాలం అంతా అలాగే వెలుగుతాయి. మా గంగమ్మ గుడి లైటూ, దానికి నాలుగు ఇళ్ల అవతల ప్రార్థన మందిరం లైటూ, రెండూ సముద్రం వైపే చూస్తున్నాయి. వాటిని ఊరి వైపు తిప్పి, పైన రేకు మూత పెట్టి, పదింటికి ఆపమని అడుగుతున్నాం. రెండు కమిటీలూ ఒకరు చేస్తే ఇంకొకరు చేస్తామంటున్నారు. ఇద్దరినీ ఒకేరోజు కూర్చోబెట్టాలి.

చీమకుర్తి రాయి

తాబేళ్ల మాట ఒప్పుకుంటా, అక్కడ నా 8 లక్షల లెక్క పనికిరాదు. మిగతా విషయంలో నా మాట అలాగే ఉంది. ఏ కమిటీ అయినా లైట్లు మార్చిన రోజే ఒక కాగితం మీద ఊరి చెరువు కోసమో, క్వారీ దుమ్ము కోసమో అర్జీ కూడా రాసి కలెక్టరేట్‌లో ఇస్తే అప్పుడు నేను చందా ఇస్తా. ఇస్తానంటే ఇస్తా.

మిషన్ కాంపౌండ్ (ఒంగోలు)

రాయండి అన్నగారూ, మా సంఘం తరఫున మొదటి సంతకం నాది.

గుండ్లకమ్మ ఒడ్డు (ఒంగోలు)

కావలి భాయ్ చెప్పిన ఫ్యాన్ల లెక్క, కనిగిరి మాస్టారి నీళ్ల ప్లాంటు రెండూ నేను కమిటీల దగ్గరికి పట్టుకెళ్తా. పగటి వాడకం లేని మందిరానికి సోలార్ అడిగితే ఇకనుంచి నీళ్ల ప్లాంటు పేరు నేనే చెప్తాను.

ఇప్పుడు పొదిలి తమ్ముడికి. నీ ప్రశ్న న్యాయమైనది, దానికి జవాబు దాటేయను. షాపుల తెరల గురించి ఎందుకు అడగరంటే, ఆ షాపు మనది కాదు. తిరునాళ్ల మనది. మనం కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే ఏటికల్లా మారేది అదొక్కటే. ప్రభ ఆపమని నేను అననే లేదు. నా చేత్తో నేనే దండలు కట్టినవాణ్ణి. నేనడిగేది రెండు ప్రభల మధ్య ఒకే జనరేటరు. మీ ప్రభ 10 కిలోవాట్లు, పక్క ప్రభ 10 కిలోవాట్లు అనుకో. 30, 40 కేవీఏ సెట్టు ఒక్కటి రెండింటికీ చాలు, పైగా ఇంజను సరైన లోడు మీద నడుస్తుంది. అద్దె ఒకటే, డీజిల్‌లో మూడో వంతు దాకా మిగులుతుంది.

పొదిలి కుర్రోడు

అన్నా, మీకు వైరింగ్ తెలుసు గానీ మా ఊరు తెలిసినట్టు లేదు. పక్క ప్రభ ఏ పార్టీ వాళ్లదో తెలుసా? వాళ్ల జనరేటరుతో మా ప్రభ వెలిగిందంటే ఆ మాట ఏడాదంతా ఊళ్లో ఉంటుంది. మా జనరేటరుతో వాళ్లు వెలిగించుకోమన్నా ఒప్పుకోరు. మధ్యలో ఎవడైనా వైరు పీకాడంటే తిరునాళ్ల కాస్తా పోలీసు కేసు అవుతుంది. జనరేటరు విడిగా తెచ్చుకోవడానికి అసలు కారణం ఇదే.

నెల్లూరు మొలగొలుకులు

అయితే జనరేటరు ఏ ప్రభ వాళ్లదీ కాకుండా గుడి కమిటీ తేవాలి. ప్రభల వాళ్లందరూ కట్టే డబ్బులోంచే అద్దె. రెండు ప్రభలకూ రెండు వేరు బోర్డులు, తాళం గుడి వాళ్ల దగ్గర. అమ్మవారి జనరేటరుతో వెలిగితే ఎవరికి తక్కువ?

పొదిలి కుర్రోడు

ఇది ఆలోచించొచ్చు అక్కా. అమ్మవారి పేరు చెప్తే మా పెద్దవాళ్లు ఎదురు చెప్పలేరు. కానీ అవతలి వాళ్లతో మాట్లాడేది పూజారి గారే, మేం వెళ్లం.

అన్నా, ప్రభ నిజంగా ఎన్ని కిలోవాట్లు లాగుతుందో ఎలా తెలుస్తుంది? లైటింగ్ వాళ్లు ఎప్పుడూ ఎక్కువే చెప్తారు.

గుండ్లకమ్మ ఒడ్డు (ఒంగోలు)

ప్రభ ట్రయల్ వేసే రాత్రి క్లాంప్ మీటరుతో (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) మూడు ఫేజుల మీదా ఆంపియర్లు చూస్తే ఐదు నిమిషాల్లో తేలుతుంది. లైట్లు ఒక్కటే వేసి ఒకసారి, సౌండు కూడా వేసి ఇంకోసారి చూడాలి. నాకు తెలిసి మీ లోడులో పెద్ద వాటా లైట్లది కాదు, డీజే బాక్సులది. ఆ లెక్క కాగితం మీద కనిపించాక మాట్లాడుకుందాం. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. పండగలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజుల వరకు సడలింపు ఇవ్వగలదు, అదీ అర్ధరాత్రి 12 దాకానే. మన తిరునాళ్లలో తెల్లారిందాకా మోగుతుంది.

తేదీ చెప్పు, మీటరు పట్టుకుని నేనే వస్తా. డబ్బులు తీసుకోను. డీజే పన్నెండింటికి ఆపమని మాత్రం మీ కమిటీ ముందు అడుగుతా.

పొదిలి కుర్రోడు

రండన్నా. మీటరు చూడటానికి మా వాళ్లంతా ఉంటారు. డీజే మాట మాత్రం నాతో చెప్పించొద్దు, మీరే అడగండి. పక్కనే నిలబడతా.